బోర్లా ఉన్నంతసేపే

ఆడది ఎక్కిన పడవకి చేప పడదని చెప్పినవాడు బుల్లియ్య. అతను నడిపిన పడవని ఏ ఆడదీ ఎక్కలేదు. అయినా మొన్నటి వరదకి అది గౌతమిలో కొట్టుకుపోయింది. తాగి వచ్చి తాడు కట్టడం మరిచిపోయాడు. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి పడవ అది. తమ్ముడు పెద్దిరాజు అన్నని ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ పెద్దిరాజు పెళ్ళాం రత్నమాణిక్యం తనలోనే అనుకుని, వాళ్ళమ్మ చేపలగంప మోసి ద్రాక్షారామంలో తనకి కొనిచ్చిన నాలుగు సెంట్ల స్థలం అమ్మేసింది. ఆ డబ్బుతో ప్లైవుడ్డు, రెజిన్ జిగురు, ఫైబర్ గుడ్డ వచ్చాయి. తాళ్ళరేవు దగ్గర వాళ్ళ పెరట్లో కొత్త పడవ బోర్లా లేచింది.

చెక్కపని పెద్దిరాజుదే, కాదనకూడదు. ఫోనులో వీడియోలు చూసి చూసి, కొలిచి, కోసి, బిగించాడు. ఆ తర్వాతి పనికి మాత్రం అతని ఒళ్ళు ఒప్పుకోలేదు. రెజిన్ తగిలితే ముఖమంతా దద్దుర్లు. "నువ్వు చేసెయ్యవే, పేడతో అలికినట్టే కదా" అన్నాడు. "మరి పడవని ఆడది ముట్టుకోవచ్చా?" అని ఆమె ఎగతాళికే అడిగింది. జవాబు కుర్చీలో కూర్చున్న బుల్లియ్య దగ్గర సిద్ధంగా ఉంది.

"బోర్లా ఉన్నంతసేపూ అది చెక్కేనమ్మాయ్. తిరగేస్తే పడవ. అప్పుడు మాత్రం కాలు పెట్టకు."

ఆమెకి కావలసింది అదే, కాలు పెట్టడం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి పడవ తెచ్చిన చేపని కడిగింది, కోసింది, ఎండబెట్టింది, అమ్మింది. పడవలో నిలబడితే ఒడ్డు ఎలా కనిపిస్తుందో మాత్రం తెలియదు.

తెల్లటి గుడ్డ పరిచి రెజిన్ పూస్తుంటే తెలుపు కరిగిపోయి కింద చెక్క గీతలు కనిపించేవి. ఎక్కడైనా తెల్లగా మిగిలిందంటే అక్కడ గాలి దాక్కున్నట్టు. బ్రష్షుతో పొడిచి పొడిచి దాన్ని బయటికి తరిమేది. గట్టిపడే మందు కలిపాక అంతా త్వరగా జరగాలి. అరిసెల పాకంలాగే, ముదిరిందంటే ఇక మన మాట వినదు. సరిగ్గా చేతిలో మగ్గు వేడెక్కుతున్నప్పుడే బుల్లియ్యకి టీ గుర్తొచ్చేది. ఒకరోజు వెళ్ళి పెట్టింది. తిరిగొచ్చేసరికి మగ్గు రాయిలా బిగిసింది, బ్రష్షు అందులో నిటారుగా నిలబడి ఉంది. "రెజిన్ ఏమన్నా గోదాట్లోంచి ముంచుకొస్తున్నామనుకున్నావా?" అని మొగుడు అరిచాడు. ఆమె పెట్టిన టీ తాగుతూనే బావగారు అవునన్నట్టు తలూపాడు.

గట్టిపడ్డాక లప్పం పని. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలిసేవి. పల్లంలో లప్పం నింపి, ఎండాక పొడుగాటి బద్దకి సాండ్‌పేపరు చుట్టి రుద్దేది. మళ్ళీ తడిమేది. దేన్నీ ఆమె ఇంత ఓపిగ్గా తడిమి చూసుకోలేదు, తన ఒంటిని కూడా. ఫైబర్ గుడ్డలోంచి లేచిన గాజుపొడి మోచేతులదాకా దిగి మండేది. కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే "అటు జరుగు, చేతులు గుచ్చుకుంటున్నాయి" అన్నాడు మొగుడు. తెల్లారి చూడవచ్చినవాళ్ళు పడవని నిమిరి, "అద్దంలా ఉందిరా, పెద్దిరాజు చెయ్యే చెయ్యి" అన్నారు. పెద్దిరాజు నవ్వాడు. కాదనలేదు.

తిరగేసే రోజు వీధిలో మగవాళ్ళంతా వచ్చారు. ఆమె కొబ్బరికాయ పట్టుకుని అరుగుమీద నిలబడింది. పడవ తిరిగి నేలమీద కుదురుకోగానే ఈలలు వేశారు. అంతలో ఎవరో లోపలికి తొంగిచూసి, "లోపల అతుకులకి గుడ్డ వెయ్యలేదేంట్రా? నీళ్ళు రావూ?" అన్నారు.

అందరూ పెద్దిరాజు ముఖం చూశారు. పెద్దిరాజు ఆమె ముఖం చూశాడు.

"దానికేముందిరా!" అన్నాడు బుల్లియ్య. "మళ్ళీ బోర్లించి దిమ్మలమీద ఎత్తండి. అమ్మాయి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని పూసేస్తుంది."

"అంతే, అంతే" అన్నాడు పెద్దిరాజు, గండం గడిచినట్టు.

రెజిన్ కళ్ళల్లో పడుతుందని అక్కడ ఒక్కడికీ తట్టలేదు. ఆ కింద, చీకట్లో, ముక్కుకి బెత్తెడు దూరంలో పడవని పెట్టుకుని పడుకున్న తనని ఆమె ఊహించుకుంది. ఇన్నాళ్ళ కాపురమూ అక్కణ్ణుంచే చేసినట్టనిపించింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఆమెని పడవలో అడుగు పెట్టనివ్వకుండా ఉండడానికి వీళ్ళు ఎంత కిందికైనా దూర్చేస్తారు. అది తేలిపోయాక ఇక భయపడడానికేం మిగిలింది?

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. కొబ్బరికాయ మొగుడి చేతిలో పెట్టింది. కుచ్చెళ్ళు ఎగదోపి పడవలోకి దిగింది.

"అమ్మాయ్! చేప పడదు!"

"తాడు కట్టుకుంటే చాలండి బావగారూ."

ఎవరో కిసుక్కుమన్నారు. బుల్లియ్య కుర్చీ కిర్రుమంది.

"పొయ్యిమీద పాలున్నాయండి" అంది ఆమె. "టీ పెట్టుకోండి. మాక్కూడా రెండు గ్లాసులు."

పెద్దిరాజు అన్నవైపు చూశాడు, పడవవైపు చూశాడు. కాసేపటికి ముఖానికి తువ్వాలు చుట్టుకుని రెజిన్ డబ్బా మూత తీశాడు.

"ఎంత కలపమంటావు?"

ఆమెని అతను సలహా అడగడం అదే మొదలు.

"సగం మగ్గు చాలు. ఎక్కువైతే ముదిరిపోద్ది."

అతను కలుపుతుంటే ఆమె లేచి నిలబడింది. గోడ అవతల కాలవ, కాలవ అవతల గట్టు కనిపించాయి. స్థలం అమ్మిన దగ్గర్నుంచీ ద్రాక్షారామం బస్సు కనబడితే తల తిప్పుకునేది. ఇప్పుడు కాలి బొటనవేలితో పడవ అడుగుని ఒత్తి చూసింది. గట్టిగా ఉంది, కదల్లేదు. తను నిలబడింది, పోయాయనుకున్న ఆ నాలుగు సెంట్లలోనే.