విటోమిర్ గొంతుకు గాలి తగిలింది

నా మొగుడు విటోమిర్ గొంతు చలికాలమంతా వాచి మండుతూనే ఉంది. మా ఊరి చర్చిలో మా పెళ్లికి ముందు నుంచీ పాడేది ఆయనే. ఆ పాట తప్ప ఆయనకు ఇంకో గొప్ప లేదు. ఈస్టర్‌కల్లా గొంతు బాగుపడకపోతే మా ఊళ్లోనే ఉండే బ్లాగోయె చేత పాడిస్తానన్నాడు ఫాదర్. బ్లాగోయె పాడితే మేకను కోస్తున్నట్టుంటుంది.

డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసి, సిగరెట్లు మానెయ్యమంది, కిటికీలు తెరిచి పెట్టమంది. ఆ మాట వినగానే మా అత్త కోసర గుండెలు బాదుకుంది.

"కిటికీలు తియ్యమందా? అదేం డాక్టరే! ప్రొమాయ తగిలే కదే నా తమ్ముడి మూతి వంకర పోయింది!"

ఎదురెదురు కిటికీల మధ్య కొట్టే గాలి ప్రొమాయ. మా సెర్బియాలో యుద్ధాలకన్నా అదే ఎక్కువమందిని చంపిందని ఆవిడ నమ్మకం. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. రాకియా సారాలో తడిపిన మేజోళ్లు కొడుకు కాళ్లకు తొడిగింది. మెడకు ఉల్లిపాయ కట్టు కట్టింది. ఆపైన తల్లీకొడుకులు ఆ మూసిన గదిలో కూర్చుని, ప్రొమాయను తిట్టుకుంటూ సిగరెట్టు మీద సిగరెట్టు ఊదారు. ఆ పొగలో పంది తొడ వేలాడదీసి ఉంటే పండగకు పొగబెట్టిన మాంసమైనా దక్కేది.

"ఒక్క కిటికీ తీస్తే ఏం పోతుందత్తా?"

"నా కొడుకు పోతాడే, కొంప ముంచేదానా!"

ఈస్టర్ ముందు వారం కోషవ ఈదురుగాలి లేచింది. నాకు ఒళ్లు మండి చీపురుకర్ర ఎత్తాను. రెండు కిటికీల అద్దాలూ భళ్లుమన్నాయి. గాలికే పగిలాయని అందరూ అన్నారు, నేను కాదనలేదు. పవిత్ర వారంలో అద్దాలు బిగించేవాడు రానన్నాడు. ఆ గాలికి ఇంట్లో ఎన్ని అగ్గిపుల్లలు గీసినా సిగరెట్టు అంటుకోలేదు. విటోమిర్ దుప్పట్లు కప్పుకుని వీలునామా గురించి మాట్లాడాడు.

పండగ పొద్దున ఆయన పాడుతుంటే నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఎలా తగ్గిందని అడిగినవాళ్లందరికీ, "అంతా మా అమ్మ ఉల్లిపాయ చలవే" అన్నాడు.

పండగ వెళ్లగానే కొత్త అద్దాలు వచ్చాయి. సందుల్లో గుడ్డలూ వచ్చాయి, గదిలో పొగా వచ్చింది. మరుసటి ఆదివారం మా ఆయన నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రాలేదు. ఫాదర్ ఇక ఆగలేదు, పాటల పుస్తకం తీసి బ్లాగోయె చేతిలో పెట్టాడు. విటోమిర్ తల దించుకుని గోడవారకు జరిగాడు.

మా అత్త నా డొక్కలో పొడిచింది. "చూశావుటే? ఆ వారం తగిలిన ప్రొమాయ ఇప్పుడు బయటపడింది!"