మెట్లకింద అర్రల ఎంక్వైరీ

చిలకలగూడల ఒక మూడంతస్తుల బిల్డింగుకు నేను వాచ్‌మన్‌ను. బిల్డింగు హరికిషన్ సేటుది. రెజిమెంటల్ బజార్ల ఆయనకు రెండు దుకాణాలున్నయి. ఆయన కుటుంబం మూడో అంతస్తుల ఉంటది. నా కుటుంబం మెట్లకింద అర్రల.

ఈ ఏడు ఆయన కొడుకు ఆశీష్‌కూ నా బిడ్డ ఊర్మిళకూ ఒకటే ఇంజనీరింగ్ కాలేజీల సీట్లొచ్చినయి. బిడ్డ ఫీజు సర్కారు కట్టాలంటే ఆదాయం సర్టిఫికెట్ కావాలె. శనివారం లోపల కాలేజీల ఇయ్యకుంటే మొత్తం ఫీజు మేమే కట్టాలె. మాతోని కాదు. సీటు పోతది. మీసేవల దరఖాస్తు పెట్టిన. ఎమ్మార్వో ఆఫీసు గిర్దావర్ వచ్చి ఇల్లు చూసి, పొరుగోళ్ల సాక్షి సంతకం తీసుకపోతడని చెప్పిన్రు.

బుధవారం పొద్దుగాల సేటు కిందికి దిగిండు.

"ఇయ్యాల పదికి గిర్దావర్ వస్తడు తుకారాం. మాది సుత ఉంది."

"మీదేంది సేటు?"

"ఆదాయంది. మా పోరనికి ఫీజు రావద్దా? మీ అర్ర ఒక గంట మాకియ్యి."

ఇస్తవా అని అడగలే, ఇయ్యి అన్నడు.

ఆయన భార్య దిగొచ్చి నా భార్య శ్యామలమ్మను చీర అడిగింది. శ్యామలమ్మ పెట్టె తీసి, పెండ్లిళ్లకు కట్టుకునే చీర ఇచ్చింది.

"గిది గాదు శ్యామలా. నువ్వు బాసన్లు తోమేటప్పుడు కట్టేది."

ఆ చీరను తన చీర మీదనే చుట్టుకున్నంత సేపు సేటు భార్య మొఖం పక్కకే పెట్టుకున్నది. గాజులు తీసింది, గొలుసు తీసింది. ముక్కుపుడక ఊడిరాలే. కొంగు ముక్కు దాకా లాక్కొని కూసున్నది. ఆశీష్ మా చాప మీద కూసొని ఫోన్ చూస్తున్నడు.

"డాడీ, షూస్ బయట ఇడుద్దునా?"

"పిచ్చోడా, దాయి."

మేం ముగ్గురం మా గడప బయట నిలబడ్డం.

గిర్దావర్ వచ్చి తలుపు కాడ నుంచే అంతా చూసిండు. కొంగు జారినప్పుడు ఆయన కండ్లు ముక్కుపుడక మీద ఆగినయి. మళ్ల కాగితం మీదికి పోయినయి.

"ఏం పని చేస్తరు?"

"దుకాణంల జీతానికి ఉన్న సాబ్," అన్నడు సేటు.

"నెలకెంత?"

"పదివేలు. అవి సుత ఆ సేటు సక్కగ ఇయ్యడు."

ఇద్దరూ నవ్విన్రు. గిర్దావర్ ఫోటో తీసిండు. మూడో అంతస్తు నుంచి చాయ్ వచ్చింది, పళ్లెంల కాజు పెట్టుకొని. మా బియ్యం డబ్బా మీద కూసొని తాగిండు.

"సాక్షి ఎవరు?"

"గీయనే. మా పొరుగాయన."

నేను ఊర్ల ఏడో తరగతి దాకా చదివిన. కాగితం చదవబోయిన.

"మాస్టరు లేడు ఈడ, పాఠం ఒప్పజెప్పనీకి," అన్నడు సేటు. "సంతకం పెట్టు."

అర్ర ఆయనది, కొలువు ఆయనది. పెట్టిన. పెట్టి, "సాబ్, మాది సుత ఉంది," అన్న.

"ఏ ఇల్లు?"

"ఇదే."

గిర్దావర్ చాయ్ కప్పు కింద పెట్టిండు. "గిదెట్లయితది? ఈ ఇంట్ల హరికిషన్ కుటుంబం ఉంటదని ఇప్పుడే సంతకం పెడ్తివి. మరి నువ్వెక్కడుంటవ్?"

సేటే అందుకున్నడు.

"జనరేటర్ పక్కకు షెడ్డుంది గదా సాబ్. ఆడ నిలబెట్టి తియ్యిన్రి. ఫోటో ఇంకా మంచిగ పడ్తది."

శ్యామలమ్మ తల వంచుకొని షెడ్డు దిక్కు నడుసుడు షురూ చేసింది. ఎవరూ గుంజలే, తోలలే. పొమ్మంటే పోతున్నది. నేను పెట్టిన సంతకం ఆమెను నడిపిస్తున్నది.

"అమ్మా, ఆగు," అన్నది ఊర్మిళ. "మనిల్లు ఇది."

గిర్దావర్ అట్ట మీద కాగితం ఇంకా అట్లనే ఉన్నది. తీసుకొని నా సంతకం కొట్టేసిన. దాని కింద, బళ్లె నేర్పినట్టు పెద్ద పెద్ద అక్షరాలతోని రాసిన: ఈ అర్రల తుకారాం కుటుంబం ఉంటది. హరికిషన్ సేటు మూడో అంతస్తుల ఉంటడు. నా రాత నిదానం. అందరూ అట్లనే నిలబడి చూసిన్రు.

గిర్దావర్ చదివి, మడిచి జేబుల పెట్టుకున్నడు.

"రాతల పడ్డది సేటు. మీది వేరే కాడ చూసుకోన్రి," అన్నడు. మా దిక్కు తిరిగి, "లోపల నిలబడున్రి," అన్నడు. అది దయ కాదు, భయం. మాకు సాక్షి సంతకం ఎదురుంగ ఇస్త్రీ చేసే రోసమ్మ పెట్టింది.

మా చీర గడపలనే ఇడిచి సేటు భార్య మూడో అంతస్తుకు పోయింది. సేటు మెట్ల మీద ఆగి, "ఒకటో తారీకుకు ఖాళీ చెయ్యి," అన్నడు.

శుక్రవారం సర్టిఫికెట్ వచ్చింది. శనివారం కాలేజీల లైన్ కట్టినం. మాకు ముందు సేటూ ఆశీషూ నిలబడ్డరు. సేటు చేతుల సర్టిఫికెట్ ఉంది. తన దుకాణంల పనిచేసేటాయన ఇంట్ల ఫోటో దిగిన్రట, సేటే చెప్పిండు.

"ఊకె లొల్లి చేసినవ్ తుకారాం. నీదీ అయ్యింది, నాదీ అయ్యింది. నీ జేబులకెల్లి ఏమన్న పోయిందా?" అని నా బుజం మీద చెయ్యేసిండు.

కౌంటర్ల పిల్ల రెండు సర్టిఫికెట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, పిన్ను కొట్టి, ఒకటే ఫైల్ల పెట్టింది. ఊర్మిళ సీటు ఖాయమయ్యింది.

బయట నల్లా ఉంటే పోయిన. పొద్దటి నుంచి ఏం తినలే. అయినా నోరు మూడుసార్లు పుక్కిలించి ఉమ్మిన.