నలభై ఒకటో గుమ్మం

నేను ఒక కర్రను. కొట్టడానికి కాదు, ఊతానికీ కాదు. గుమ్మానికి ఆనించడానికి చేసిన కర్రను. తెల్లారేసరికి నేను ఏ గుమ్మం దగ్గర ఉంటే ఆ రోజు ఆ ఇంటివాళ్లు కొండ కాయాలి. ఊళ్లో నాకు భయపడనివాళ్లు లేరు. నేను ఇంతవరకు ఎవరినీ కొట్టలేదు.

నాది వేగిస చెట్టు. కొండ మీద ఊట పక్కన ఉండేది. వేగిసను నరికితే నెత్తురులాంటి జిగురు కారుతుంది. తవిటినాయుడు నరికినప్పుడూ కారింది. అప్పుడతనికి పాతికేళ్లు. పెళ్లి కుదిరింది, కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. మాను గుమ్మానికి పోయింది. మిగిలిన కొమ్మ అటకెక్కింది. ఆ కొమ్మను నేను. ఆ గుమ్మంలో కుడికాలు పెట్టి లోపలికొచ్చిన పెళ్లికూతురు దాలమ్మ.

తరవాత ఊరంతా నరికింది. పొయ్యికని కొందరు, నాగలికని కొందరు, పక్కవాడు నరుకుతున్నాడు కదా అని మిగిలినవాళ్లు. ఇరవయ్యేళ్లలో కొండ బోడి అయింది. ఊట ఎండింది. ఆడవాళ్లు బిందెలతో మూడు మైళ్లు నడిచారు. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని వానదేవుణ్ణి తిట్టారు. గొడ్డలిని ఎవరూ తిట్టలేదు.

కొండకాపు సంఘం పెట్టింది తవిటినాయుడే. జీతం లేదు, జెండా లేదు. ఊళ్లో నలభై ఒక్క ఇళ్లు, ఇంటికొక రోజు వంతు. పొద్దున్నే ఒకరు నన్ను పట్టుకుని కొండెక్కాలి. గొడ్డలితో వచ్చినవాణ్ణి, మేకలు తోలుకొచ్చినవాణ్ణి తిప్పి పంపాలి. పొద్దు వాలేసరికి దిగి, తరవాతి ఇంటి గుమ్మానికి నన్ను ఆనించి పోవాలి. చేతికి ఇవ్వకూడదు. చేతికిస్తే సాకులు మొదలవుతాయి. మొదటి గుమ్మం జోగులుది. చివరిది, నలభై ఒకటోది, తవిటినాయుడిది.

నన్ను అటక మీంచి దించి చెక్కింది కూడా అతనే. నరికినవాడే చెక్కి కాపలాకి పెట్టాడు. మనుషులు దీన్ని మంచిగా మారడం అంటారు.

మొదటి ఏడాదే జోగులు అరుగు దగ్గరికి వచ్చి నసిగాడు.

"అత్త పోనాది నాయుడుబావా. రేపటి వొంతు ఇంకోలికి మార్సు."

"మీయత్త కిందటి వొంతుకీ పోనాది గదరా. ఎన్నిసార్లు సస్తాది?"

"అది పెద్దత్త. ఇది సిన్నత్త."

"కర్రకి సెవుల్నేవు. ఎల్లు."

అరుగు మీద అందరూ నవ్వారు. ఆ మాట ఊరికి సామెత అయింది. జ్వరమన్నా, పెళ్లన్నా, పురుడన్నా ఒకటే జవాబు. కర్రకి చెవులు లేవు.

ఆరేళ్లకు ఊట మళ్లీ కారింది. అప్పటినుంచి వంతు తప్పిన ఇంటికి మూడు రోజులు ఊట నీళ్లు లేవు. బాలింత ఉన్న ఇంటికీ అదే శిక్ష వేశాడు. ఆ మూడు రోజులూ దాలమ్మ తన బిందె తీసుకెళ్లి వాళ్ల పెరటిగోడ మీద పెట్టి వచ్చింది. అది తవిటినాయుడు చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. అతనిలో నేను చూసిన జాలి అంతే.

తొమ్మిదో ఏడు, చైత్రం. పట్నంలో సభ. మంచి సంఘమని పెద్దలు అతనికి శాలువా కప్పుతారట. ఆ రోజే నలభై ఒకటో గుమ్మం వంతు పడింది. దాలమ్మకు మూడు రోజులుగా జ్వరం. నన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె అరచెయ్యి పెనంలా ఉంది. అతను తెల్లచొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఒల్లు కాల్తంది," అంది.

"మనమే మానేస్తే రేపు ఊరికేటి సెప్పను?"

"జోగుల్ని అంపితే?"

"కర్రకి సెవుల్నేవే."

అతను తల దువ్వుకునేదాకా నిలబడింది. చెప్పులు వేసుకునేదాకా నిలబడింది. అతను సందు మలుపు తిరిగాక బయల్దేరింది. కొండెక్కుతూ తనలో తను అనుకుంది, నాకు వినబడేంత గట్టిగా.

"నువ్వుండు, నానెల్తాను. అంతే గదా మాట. అంటే ఆయన సొమ్మేటి పోతాది?"

ఊట దగ్గర బండకు చేరగిలబడింది. నీళ్లు రెండు దోసిళ్లు తాగింది. నన్ను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఊపిరి ఆగింది. చెయ్యి వేడి మాత్రం ఆగలేదు.

తరవాత జరిగింది చెప్తే నమ్మరు. నమ్మమని నేను అడగను. పొద్దు వాలేసరికి నేను జోగులు గుమ్మానికి ఆనించి ఉన్నాను.

దాలమ్మను దీపాలు పెట్టే వేళకు వెతికి దించుకొచ్చారు. పట్నంనుంచి శాలువాతో వచ్చినవాడు ఆ శాలువాతోనే ఆమెను కప్పాడు. కర్ర కొండ ఎలా దిగిందని ఎవరూ అడగలేదు. వాకిట్లో శవం ఉంటే కర్ర సంగతి ఎవరికి కావాలి?

తవిటినాయుడు ఇంటికి తాళం వేశాడు. పొలంలో మోటారు షెడ్డుకు పోయాడు. సంఘానికి జోగులు పెద్ద అయ్యాడు. వంతులు నడిచాయి. నలభయ్యో ఇంటివాడు నన్ను తెచ్చి, తాళం చూశాడు, కాసేపు ఆలోచించాడు, ఆనించి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ తాళం తియ్యలేదు. ఆ వాకిట్లోకి మనిషి రాలేదు. సాయంత్రానికి నేను జోగులు గుమ్మం దగ్గర ఉన్నాను. నా కొస తడిగా ఉంది. కొసకు ఊట దగ్గరి ఎర్రమన్ను అంటి ఉంది.

తెల్లారి జోగులు నన్ను పట్టుకుని కొండకు పోతూ షెడ్డు దగ్గర ఆగాడు.

"ఇంత బాదలోనూ వొంతు తప్పనేదు బావా. నువ్వు మనిసివి కావు."

"నానెల్నేదు."

"ఏటి?"

"నానెల్నేదురా. నువ్వే జాలిపడి ఎవుల్నో అంపినావనుకున్నాను."

"జాలా? అది ఈ సంగంలో ఎవులు నేర్పినారు బావా?"

అన్నాక ఇద్దరూ నా కొసకేసి చూశారు. జోగులు నన్ను రెండో చేతికి మార్చుకున్నాడు. మొదటి అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు. ఆ రోజు కొండ మీద అతను ఒక్కసారి కూడా ఊట వైపు పోలేదు. దాహంతోనే దిగాడు.

మళ్లీ నలభై ఒక్క రోజులు. ఆ పొద్దున తవిటినాయుడు వచ్చి తన ఇంటి గడపకు ఎదురుగా కూర్చున్నాడు. ఎండ వాకిట్లోకి వచ్చింది. అతను లేచాడు. తాళం వేసిన తలుపుకేసి చూస్తూ అన్నాడు.

"నువ్వుండు, నానెల్తాను."

నా మీద చెయ్యి వేశాడు. అతను పట్టుకోబోయిన చోట అప్పటికే ఒక చెయ్యి ఉంది. వేడిగా, మూడు రోజుల జ్వరంలా ఉంది. అతను కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. నేను అతని కళ్ల ముందే వాకిలి దాటాను. ఎవరి నడకతో దాటానో అతనికి తెలుసు. ముప్పై ఏళ్లు విన్న నడక.

ఆ వారమే సంఘం ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అందరూ అతని ముందు నిలబడేవాళ్లు.

"నా ఇల్లు లెక్కలోంచి తీసియ్యండి. దాన్ని కూకోనియ్యండి. సచ్చీ కొండెక్కతంది."

జోగులు నేలకేసి చూస్తూ అన్నాడు. "ఇల్లున్నంతకాలం వొంతుంటాది. నువ్వన్నదే బావా. నానేటి మార్సగలను?"

జోగులుకు కసి లేదు. నిజంగానే భయం. ఆ వంతు రోజున కొండకు గొడ్డలి వెళ్లడం లేదు. మేకలు కూడా కొండ కిందే ఆగిపోతున్నాయి. అలాంటి కాపలాను వదులుకోవడానికి ఊరికి మనసొప్పలేదు. ఊట ఎప్పుడూ లేనంత నిండుగా ఉంది. ఆ నీళ్లు తాగుతూనే వాళ్లు ఆ ఇంటి ముందునుంచి నడవడం మానేశారు.

తవిటినాయుడు ఇల్లు పడగొట్టాడు. ఒక్కడే, పదకొండు రోజులు. పెంకులు దించాడు, వాసాలు లాగాడు, గోడలు కూల్చాడు. ఇల్లు లేకపోతే వంతు ఉండదు. ఆమె కూర్చుంటుంది. అతని ఆశ అదే. చివరికి గుమ్మం మిగిలింది. గడ్డపారతో దాని మొదలు దగ్గర పొడిచాడు. ముప్పై ఏళ్లు ఎండిన వేగిస. ఎర్రగా కారింది.

రెండో పోటు పొడవలేదు. గడ్డపార అక్కడే పారేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అక్కడ చుట్టూ ఏమీ లేదు. గడ్డి, మధ్యలో ఒక గుమ్మం. నలభయ్యో ఇంటివాడు నన్ను తెచ్చి దానికే ఆనిస్తాడు, వెనక్కి చూడకుండా పోతాడు. నేనూ అదీ ఒకే మానువాళ్లం. ఆనుకుంటే అతికినట్టే ఉంటుంది.

నలభై ఒక్క రోజులకొకసారి తవిటినాయుడు వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఎండ వచ్చాక లేస్తాడు. ఆ మాట అంటాడు. ఒక్కోసారి రెండుసార్లు అంటాడు. కిందటిసారి ఏడ్చాడు. వేడి చెయ్యి వచ్చి నన్ను అందుకుంటుంది. అతని పక్కనుంచే, అతన్ని తాకకుండా, మేము కొండకు పోతాం.

అతను అన్న ప్రతి మాటా నాకు వినబడుతుంది. కాని కర్రకి చెవులు లేవు. ఆ రూలు అతను పెట్టిందే.