ఎడమ చెయ్యి ఎత్తితే

చింతపండు గింజలు తీస్తూ తీస్తూ ఉదయశ్రీ, "అత్తా, నొప్పి" అంది.

వాకిట్లో వడియాలు పెడుతున్న సుందరలక్ష్మి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. కోడలి కడుపు మీద చెయ్యి వేసి, "అప్పుడే నొప్పులేంది మే, ఆరో నెల గూడా నిండలేదే" అని కంగారుపడింది. ఉదయశ్రీ దవడ చూపించింది. అత్త ముఖంలో కంగారు పోయి విసుగొచ్చింది. "పంటిదా! పానం పోతాండేట్టు పిలిస్తివే" అని, కోడలి చీర మీద అంటిన పిండిని కూడా తుడవకుండా మళ్లీ వడియాల దగ్గరికి పోయింది.

ఆ ఇంట్లో నొప్పులంటే అందరూ లేస్తారు. నొప్పి అంటే ఎవరూ లేవరు. ఉదయశ్రీ గింజను పీచునుంచి విడదీసి పక్కన వేసింది. కుడి దవడ కింద పన్ను, గుండె కొట్టుకున్నప్పుడల్లా తానూ కొట్టుకుంటోంది. లవంగం నూరి పెట్టింది. ఇంగువ దూదిలో చుట్టి పెట్టింది. ఉప్పునీళ్లు పుక్కిలించీ పుక్కిలించీ నాలుక పొక్కిపోయింది. నీళ్లు తగిలితే జిల్లుమంటుంది, అన్నం తగిలితే తల తిరుగుతుంది. నాలుగు మెతుకులు ఎడమపక్కన నలిపి మింగి లేచిపోతుంటే, "చూడు, తిండి మీద ధ్యాస లేదు, కడుపులో బిడ్డ ఏం తిని బతకల్ల" అని అత్త పొరుగింటి వాళ్లతో అనడం ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది.

మైదుకూరు బజారులో మామ రామకోటయ్యకు పసుపు, బెల్లం, పప్పుల అంగడి ఉంది. ఆ అంగట్లో ఇప్పుడు అందరూ మాట్లాడుకునేది ఆమె భర్త శివప్రసాద్ గడ్డం గురించి. ఆమె నీళ్లోసుకుందని తెలిసిన నాటినుంచి అతను గడ్డం తీయలేదు. పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు ఒంటికి కత్తి తాకనీయకూడదని, టెంకాయ కొట్టకూడదని వాళ్లల్లో కట్టడి. మిగతా ఇళ్లల్లో ఆరో నెలనుంచి పాటిస్తారు, శివప్రసాద్ మొదటినుంచే పట్టాడు. బేరానికి వచ్చినవాళ్లు "ఏమప్పా ప్రసాదూ, ఎంత నిష్ఠప్పా నీది" అంటే మెడ దగ్గర గోక్కుంటూ నవ్వుతాడు. వేసవిలో దురద పెడుతుందని సాయంత్రంపూట సుందరలక్ష్మి కొడుకును కూర్చోబెట్టుకొని గడ్డానికి కొబ్బరినూనె రాస్తుంది. చుట్టాలొస్తే ముందు గడ్డాన్ని పలకరిస్తారు. "పాపం, ఈ ఎండల్లో ఎట్ల ఓర్చుకుంటాండావో" అంటారు. వాళ్లకు కాఫీ గ్లాసులు అందిస్తూ, వాచిన దవడ మీద కొంగు కప్పుకొని, ఉదయశ్రీ వింటుంది. ఈ కడుపును మోస్తున్నది అతని గడ్డమేనేమో అని ఒక్కోసారి ఆమెకే అనుమానం వస్తుంది.

కడుపు కనిపించడం మొదలయ్యాక ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడి కరస్పాండెంటు, పిల్లల ముందు బాగుండదమ్మా, కాన్పయినాక చూద్దాం అన్నాడు. ఆ మాటకు ఇంట్లో అందరూ సంతోషించారు. మధ్యాహ్నంపూట అంగడి పసుపుకొమ్ములు ఏరడానికి ఒక మనిషి మిగిలింది మరి.

ఊళ్లో కాన్పులు చేసే డాక్టరమ్మ దవడ చూసి ముఖం ముడిచింది. పంటి వేరు దగ్గర చీము పట్టిందనీ, అది ఒంట్లోకి పాకితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేననీ, నెలలు నిండకముందే తీయించుకోవడం మేలనీ చెప్పింది. వాపు తగ్గడానికి మాత్రలిచ్చి, కడపలో తనకు తెలిసిన పళ్ల డాక్టరమ్మకు చీటీ రాసింది. సుందరలక్ష్మి ఆ చీటీని దేవుడి పటం వెనక పెట్టింది. శివప్రసాద్ సోమవారం తీసుకుపోతానన్నాడు. ఆ సోమవారం బెల్లం లారీ వచ్చింది. పై సోమవారం ఎవరిదో గృహప్రవేశం. మూడోసారి అతను "వచ్చే వారం చూద్దాంలే ఉదయా" అన్నప్పుడు ఆమె గుండెల్లో ఏదో హాయిగా సర్దుకుంది. ఆ హాయిని చూసి ఆమె సిగ్గుపడింది. పోనీయనిది వాళ్లు మాత్రమే కాదు. పోకుండా ఉండటానికి తనకూ వాళ్ల సాకే కావాల్సివచ్చింది.

చిన్నప్పుడు బనగానపల్లె సంతలో ఒక మనిషి గోనెసంచి పరిచి, దానిమీద పీకిన పళ్లు కుప్ప పోసుకొని కూర్చునేవాడు. పన్ను నొప్పని ఏడిస్తే నాయన ఎత్తుకుపోయి ఆ మనిషి ముందు దించాడు. పిల్ల తలను ఆ మనిషి తన మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. బీడీ కంపు కొట్టే వేళ్లు నోట్లోకి దిగాయి. ఆ పిల్ల "అది కాదు, పక్కది" అని చెప్పబోయింది. నోటినిండా వేళ్లుంటే మాట ఎక్కడిది. ఊడి వచ్చింది మంచి పన్ను. ఇంటికొచ్చి ఇంకా నొప్పే అని ఏడిస్తే, పీకిన నొప్పిలే, రెండు రోజులుంటుంది అన్నారు. ఏ పన్ను నొప్పి అని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆమె బి.ఎస్సీ చదివింది, వాళ్ల వంశంలో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషి అయింది. కానీ నోట్లో ఎవరో చెయ్యి పెడతారని తలుచుకుంటే చాలు, మళ్లీ ఆ మోకాళ్ల మధ్య పిల్లే.

ఆ మంగళవారం జ్వరం తగిలింది. పొద్దున గంజి కూడా దిగలేదు. వంటింట్లో పని ముగించి గోడకు ఆనుకొని కూర్చున్నాక గాని ఆమెకు తెలిసిరాలేదు, బిడ్డ కదలడం లేదని. రోజూ ఆ వేళకు కడుపులో చేప తిరిగినట్టు తిరిగేది. చెయ్యి వేసి చూసింది. అటు ఒత్తిగిలి చూసింది. లేచి బెల్లం నీళ్లు కలుపుకొని, మండుతున్నా కళ్లు మూసుకొని గ్లాసెడూ తాగేసింది. చాలాసేపటికి లోపల ఒకచోట సన్నగా తగిలింది, వేలితో తలుపు తట్టినట్టు. ఉదయశ్రీ లేచి దేవుడి పటం వెనకనుంచి చీటీ తీసింది.

"డాక్టరమ్మ దగ్గరికి పోతాండా అత్తా" అంది. అది అబద్ధం కాదు. ఏ ఊరి డాక్టరమ్మో అత్త అడగలేదు.

కడపలో ఏడురోడ్ల కూడలి దగ్గర మేడ మీద ఆ ఆసుపత్రి. కుర్చీలో కూర్చున్నాక ఉదయశ్రీ పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. డాక్టరమ్మది చిన్న వయసే. పొద్దుటినుంచి నిలబడీ నిలబడీ అలిసిన ముఖం. చీటీ చదివి, మీవారు రాలేదా అని అడిగింది.

"గడ్డం పెంచుతాండారు" అంది ఉదయశ్రీ.

డాక్టరమ్మ అర్థంకాక మళ్లీ పనిలో పడింది. నర్సు, కడుపు బరువు ఒకపక్కకు ఒరిగేలా నడుము కింద చిన్న దిండు పెట్టింది. చేతికి అద్దం ఇచ్చారు.

"ఏ పన్నమ్మా? నువ్వే వేలు పెట్టి చూపించు."

ఉదయశ్రీ అద్దం దగ్గరికి తెచ్చుకుంది. వేలు పెట్టి చూపించింది. చూపించాక, భయమని చెప్పింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు.

"అందరికీ ఉంటాది. ఈ మందు సూదితో బిడ్డకేం భయం లేదు. లాగినట్టుంటాది, అంతే. నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తు. ఆపుతా."

రోజూ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ చెప్పే మాటలాగే చెప్పింది. కానీ ఉదయశ్రీ ఆ మాటను లోపల మళ్లీ మళ్లీ తిప్పుకుంది. చెయ్యి ఎత్తితే ఆపుతారా. పసుపుకొమ్ములు ఏరుతున్నప్పుడు, కరస్పాండెంటు ముందు నిలబడినప్పుడు, ఒంట్లో బాగాలేదని చెప్పినా రాత్రి శివప్రసాద్ ఇటు తిరిగినప్పుడు, ఏ చెయ్యి ఎత్తాల్సింది ఆమె? మందు ఎక్కింది. పెదవి మొద్దుబారింది. పట్టకారు లోపలికి పోయింది. నొప్పి లేదు. అయినా చెయ్యి ఎత్తింది.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. పట్టకారు బయటికొచ్చింది. "నొప్పా?"

కాదన్నట్టు తల ఊపింది. "మరేంది?" కళ్లలో నీళ్లు చెవులలోకి కారుతున్నాయి. డాక్టరమ్మ, "సరే, ఊపిరి పీల్చుకో. నువ్వు చెయ్యి దించినాకే" అంది. ఉదయశ్రీ తనంతట తానే చెయ్యి దించింది. తనంతట తానే నోరు తెరిచింది.

పన్ను ఊడివచ్చాక డాక్టరమ్మ చూపించింది. అదే పన్ను. చూపించిన పన్నే.

గంటసేపు దూది గట్టిగా కొరికిపట్టు, మాట్లాడొద్దు అన్నారు. మైదుకూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పొలాలు ఎండి తెల్లబోయి ఉన్నాయి. కడుపులో బిడ్డ ఒక్కసారి బలంగా తన్నింది. ఆమె నవ్వబోయింది, పెదవి సగమే కదిలింది. గంట దాటినా దూది తీయలేదు. తీస్తే మాట్లాడాల్సివస్తుంది.

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. కడప బస్టాండులో ఆమెను చూసినవాళ్లెవరో అంగడి సెల్‌ఫోనుకు చెప్పారు. మామ కుర్చీలో తల వంచుకొని ఉన్నాడు. సుందరలక్ష్మి గడపలోనే అందుకుంది. కడుపుతో ఉండి ఒంట్లోంచి ఎముక పీకించుకునే ఆడదాన్ని ఈ వంశంలో చూడలేదంది, రేపు బిడ్డకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారంది, చదువుకున్న కోడలు వద్దంటే విన్నారు కాదంది. ఉదయశ్రీ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. శివప్రసాద్ గడ్డం నిమురుకుంటూ మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"ఇంత గడ్డం ఎవరి కోసరం పెంచుతాండా నేను? ఒంటికి కత్తి తాకనీకుండా నేనుంటే, నువ్వు పోయి నోట్లో ఇనుము పెట్టించుకొస్తివా? నా కష్టమంతా ఒక్క పూటలో మంట్లో..."

ఉదయశ్రీ ఎడమ చెయ్యి ఎత్తింది.

అతను ఆపలేదు. ఇంకా ఏదో అంటున్నాడు. వెనకనుంచి అత్త కూడా అంటోంది. చెయ్యి అలాగే ఉంచింది. గాజులు మోచేతి మీదికి జారాయి. అతను చూశాడు, మాట మధ్యలో తడబడ్డాడు.

"ఏంది, కొడతావా?" అన్నాడు.

ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లకు అర్థమైంది వేరని ఆమెకు తెలుసు. దూది తీసి చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. ఎత్తిన చెయ్యి దించకుండానే, కుడి చేత్తో అలమారలోనుంచి అతను గడ్డం గీసుకునే డబ్బా తీసింది. వేవిళ్ల నాటినుంచి పట్టిన దుమ్ము దానిమీద మందంగా ఉంది. తుడవకుండా అలాగే మంచం మీద, అతని పక్కన పెట్టింది.