చూరు కింద నీడ

వాగ్దేవి గీసిన కాలేజీ ప్లాను ఉంటుందో పోతుందో ఆ మధ్యాహ్నమే తేలాలి. జావా దీవిలో సుండా జనం ఉండే చోట ఆమె ఒక కాలేజీ చూసింది. కింద డచ్చి దొరల రాతి స్తంభాలు, పైన అక్కడి ఇళ్ల ఏటవాలు కప్పు. జగ్గయ్యపేటలోనూ అలాగే, దొరల బంగళా స్తంభాల మీద మన మండువా ఇంటి చూరు దించింది. నమూనాకి ఒక మూల కట్టించింది కూడా.

"అద్దాలు పెడితే హైవేకి మెరుస్తుందమ్మా. ఈ పెంకులేంటి?" అన్నారు కాలేజీ కరస్పాండెంటు రామకోటేశ్వరరావు.

"అమ్మగారిని కూడా చూడనివ్వండి సార్," అంది వాగ్దేవి తొణక్కుండా. తల్లి వాసవాంబ చూడందే ఆయన ఏ పనీ మొదలుపెట్టరని ఆమెకు తెలుసు.

ముసలావిడ కారు దిగి, ప్లాను వైపు చూడనైనా చూడకుండా, చెప్పులు విడిచి చూరు కింద అరుగెక్కి స్తంభానికి జారగిలబడింది.

"ఒరే కోటేశూ, ఎండలో మాడతావేంట్రా? ఇలా వచ్చి కూర్చో."

ఆయన వచ్చి కూర్చున్నారు. చెమట ఆరేదాకా లేవలేదు.

"ఈ అరుగు బిల్డింగు చుట్టూతా వస్తుందామ్మా?"

"వస్తుంది సార్. పిల్లలందరికీ సరిపోతుంది."

"అద్దాలు నీ కారుకున్నాయిగా, చాల్లే," అంది వాసవాంబ.