సుగుణ వేసిన ముడి

"గడ్డం ఎత్తు," అంది సుగుణ.

యెహెజ్కేలు మంచం అంచున కూర్చుని గడ్డం ఎత్తాడు. ఉన్ని టోపీకి చెరో పక్కా వేలాడుతున్న తాళ్ళను ఆమె అందుకుని ఒక ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి వేసి లాగి చూసింది. టోపీ ఆమె అల్లిందే. మెరూన్ రంగు ఉన్ని చాలక ఎడమ చెవి దగ్గర ఆకుపచ్చతో ముగించింది. కెనడాలోని ఈ గ్వెల్ఫ్ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో ఈ టోపీ ఒకసారి గాలికి ఎగిరి బస్సు కింద పడింది. ఆరేళ్ళుగా ఈ రెండు ముళ్ళ శిక్ష అందుకే.

విప్పడం కూడా ఆమె పనే. యెహెజ్కేలు వేళ్ళు కీళ్ళవాతంతో వంకర తిరిగిపోయాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడమే గొప్ప. సుగుణ గోళ్ళతో ముడిని కాస్త కాస్త వదులు చేస్తూ, "గంటలు కొట్టీ కొట్టీ చేతులు పాడు చేసుకున్నాడు మహానుభావుడు," అని దెప్పేది.

రేపల్లె దగ్గర మిషన్ బడిలో ముప్పై ఒక్కేళ్ళు గంట కొట్టాడాయన. అంతకు మించి జీవితంలో చెప్పుకోదగ్గదేమీ చేయలేదు. కూతురు మధుమిత స్పాన్సర్ చేసి తల్లినీ తండ్రినీ ఇక్కడికి తెచ్చుకుంది. ఖాళీగా కూర్చోలేక స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పనికి అప్లై చేశాడు. పొద్దున ఒక గంట, మధ్యాహ్నం ఒక గంట. నారింజ రంగు కోటు, చేతిలో స్టాప్ బోర్డు. పిల్లలకు ఆయన పేరు నోరు తిరగక మిస్టర్ జీక్ అన్నారు. అంత పెద్ద ప్రవక్త పేరును ఇంత ముక్క చేశారని మొదట్లో నొచ్చుకున్నాడు గానీ, తర్వాత ఆ పిలుపు వినకపోతే ఆదివారాలు వెలితిగా ఉండేవి.

ఆ పేరు పెట్టింది తండ్రి. ఆయన పల్లె చర్చిలో ఉపదేశి. బందీగా బబులోనుకు పోయి, పరాయి దేశపు కాలవ గట్టున బతికిన ప్రవక్త కథ ఆయన నోట విని తీరాలి. దేవుడు యెరూషలేము గుడిలోనే ఉండిపోయాడని జనమంతా ఏడుస్తుంటే, ఆ దేవుడి సింహాసనం చక్రాల మీద దొర్లుకుంటూ ఆ గట్టుకే వచ్చిందట. "మనం ఎక్కడికి పోతే అక్కడికొస్తాడ్రా," అనేవాడు తండ్రి. ఇక్కడ స్పీడ్ నది ఒడ్డున నడిచేటప్పుడు యెహెజ్కేలుకు ఆ చక్రాలు గుర్తొచ్చేవి. కొంచెం ధైర్యంగా ఉండేది.

ఆ కథలో ఇంకో భాగం ఉంది. అదంటే ఆయనకు గిట్టదు. ప్రవక్త భార్య చనిపోయిన రోజున, ఏడవొద్దు, తలపాగా తీయొద్దు, చెప్పులు విడవొద్దు, ఇరుగుపొరుగు తెచ్చే తిండి తినొద్దు అన్నాడట దేవుడు. ప్రవక్త పొద్దున జనంతో మాట్లాడాడు, సాయంత్రానికి ఆమె పోయింది. ఇదేం ఆజ్ఞ అని పదేళ్ళప్పుడు తండ్రిని అడిగాడు. "రేపు ఊరికి ఊరే కూలిపోతుంది. అప్పుడు ఏడవడానికి కన్నీళ్ళు కూడా మిగలవు. దానికి గుర్తుగా," అన్నాడాయన. పదేళ్ళ పిల్లవాడికి అది నచ్చలేదు. అరవై తొమ్మిదేళ్ళ ముసలాడికీ నచ్చలేదు.

ఇప్పుడు దాన్ని తలుచుకోవడానికే భయం. సుగుణ గుండె పాతిక శాతమే పనిచేస్తోందనీ, ఇక చేయగలిగింది లేదనీ డాక్టర్లు చెప్పి మూడు వారాలైంది. ఇంటికి తీసుకుపొమ్మని ఆమే పట్టుబట్టింది. ఆయన దేవుణ్ణి అడుగుతున్నది ఒక్కటే. తను రోడ్డు మీద ఉన్నప్పుడు మాత్రం ఆమె పోకూడదు. ఆ ఘడియలో ఆమె చెయ్యి తన చేతిలో ఉండాలి.

పొద్దున డ్యూటీ గండం లేకుండా గడిచింది. తిరిగొచ్చేసరికి సుగుణ కళ్ళు తెరిచే ఉంది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఆయన కదలకుండా గడ్డం ఎత్తుకుని కూర్చున్నాడు.

భోజనం వేళ, వచ్చే ఆదివారం చెప్పబోయే ప్రసంగం ఆమెకు వినిపించాడు. ఒక చర్చి సెల్లార్ అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళు కూడుకుంటారు. అక్కడ ప్రార్థన నడిపే స్టూడెంటు కుర్రాడు వికాస్, "మీ పేరుగల ప్రవక్త గురించి మీరే చెప్పాలి అంకుల్," అని ఒప్పించాడు. యెహెజ్కేలు చక్రాల సంగతి బాగా చెప్పి, అక్కడితో ఆపేశాడు.

"ఆవిడ సంగతి చెప్పవా?" అంది సుగుణ.

"ఎవరి సంగతి?"

"ఆయన పెళ్ళాం సంగతయ్యా. పేరు కూడా రాయలేదంటగా పాపం."

"అది నా వల్ల కాదే."

సుగుణ కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు.

"ఆ పొద్దున ఆయనకి తలపాగా ఎవరు చుట్టారంటావు?" అంది కళ్ళు తెరవకుండానే. "ఆవిడే చుట్టుంటది. సాయంత్రానికి పోయింది. ఇక దాన్ని విప్పడానికి ఈయనకి చేతులెట్లా వస్తాయి? విప్పలేడని దేవుడికి తెలుసు. అందుకే విప్పొద్దన్నాడు. మీ నాయన దాన్ని ఆజ్ఞ అన్నాడు. నాకైతే జాలి అనిపిస్తది."

 పెద్ద చదువుల పాస్టర్లెవరూ చెప్పని మాట, మూడో తరగతితో బడి మానేసిన మనిషి చెప్పింది.

రెండింటికి, రోజూ ఇంటికొచ్చి చూసే నర్సు వచ్చి నాడి చూసి, ఈ పూట ఇక్కడే ఉంటానంది. ఎందుకో ఆయనకు అర్థమైంది. సూపర్‌వైజరుకు ఫోన్ చేయబోయాడు.

"ఎవరికి ఫోను?" అంది సుగుణ.

"ఈ పూట పోనే."

"ఇప్పటికిప్పుడు ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతాడు వాళ్ళకి? మంచు మీద బండ్లు ఆగవు. మన మనవరాలు కూడా ఆ రోడ్డే దాటాలి." ఊపిరి తీసుకుంది. "గడ్డం ఎత్తు."

ఈసారి ఆమె వేళ్ళలో బలం లేదు. తాడు రెండుసార్లు జారింది. ఆయన వంగి తల ఆమె గుండెల దాకా తెచ్చాడు. ఒక ముడి పడింది. చాల్లేవే అన్నాడు. వినలేదు. రెండోది కూడా వేసి, అరచేత్తో ఆయన చెంప మీద చిన్నగా తట్టింది.

రోడ్డు పక్కన మంచు నడుమెత్తు పేరుకుని ఉంది. బడి వదిలారు. యెహెజ్కేలు బోర్డు ఎత్తి రోడ్డు మధ్యకు నడిచాడు. ఆఖరి బిడ్డ అవతలి గట్టు ఎక్కేదాకా బోర్డు దించకూడదన్నది నియమం. ఆ రోజు ఆ ఆఖరి బిడ్డలు ఎంతకీ తరగలేదు. ఒకడు గ్లౌజు జారవిడిచి వెనక్కి తిరిగాడు. అయినా ఆయన తొందరపెట్టలేదు. ఒక్కసారి కూడా బోర్డు ముందే దించలేదు.

చివర్లో ఏడేళ్ళ మనవరాలు ఇషిత వచ్చి చెయ్యి పట్టుకుంది.

"క్యాన్ ఐ షో అమ్మమ్మ మై డ్రాయింగ్, తాతా?"

"చూపిద్దువు గాని తల్లీ. పద, గబగబా పద."

ఇంటి తలుపు తీసింది నర్సు. ఆమె ముందు ఇషిత ఎత్తుకు వంగి, చేతిలోని డ్రాయింగు తనకు చూపించమని అడిగింది. అంతే, యెహెజ్కేలుకు తెలిసిపోయింది. బూట్లు విప్పకుండానే లోపలికి నడిచాడు. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అలా నడవలేదు. సుగుణ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. పదినిమిషాలైందని నర్సు చెప్పింది. పదినిమిషాల క్రితం తను రోడ్డు మధ్యలో బోర్డు ఎత్తి నిలబడి ఉన్నాడు. అడిగింది ఒక్కటే, అదీ దక్కలేదు.

మధుమిత ఫ్యాక్టరీ నుంచి వచ్చి తల్లి మీద పడి ఏడ్చింది. సాయంత్రం సంఘంవాళ్ళు వచ్చారు. దమయంతి అని సంఘంలో పెద్దావిడ, అన్నం, కోడికూర గిన్నెలు పట్టుకొచ్చింది.

"రెండు ముద్దలు తినండి అన్నయ్యా. ఇంట్లో ఇంత వేడిగా ఉంటే ఆ టోపీ ఏంటి, తీసేయండి," అని గడ్డం దగ్గరకు చెయ్యి చాచింది.

యెహెజ్కేలు ముడిని గుప్పిట్లో దాచుకున్నాడు. అన్నం ముట్టలేదు. కాళ్ళకు బూట్లు అలాగే ఉన్నాయి. కంట తడి లేదు. మనిషి రాయైపోయాడని వెనకాల ఎవరో గుసగుసలాడారు.

వికాస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆదివారం సంగతి మర్చిపోండి అంకుల్. నేను చూసుకుంటాను."

"లేదు బాబూ. నేనే చెప్తా." గడ్డం కింద ముడిని తడుముకున్నాడు. "ఆ ప్రవక్త భార్య పేరు ఎక్కడా రాయలేదు. ఆవిడ సంగతి చెప్పాలి. ఆయన ఏడవకుండా లేడు బాబూ. విప్పలేక..."

మాట తెగిపోయింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, నలుగురి ముందూ, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

తెల్లారాక మధుమిత చూస్తే తండ్రి గుమ్మం దగ్గర కుర్చీలో, టోపీతో, బూట్లతో, డ్యూటీకి తయారైనట్టే కూర్చుని ఉన్నాడు.

"ఈరోజు వేరే వాళ్ళు వస్తారు నాన్నా. నేను ఫోన్ చేశాను. ఏదీ, గడ్డం ఎత్తండి," అంది.

"కత్తెర పెట్టకమ్మా. విప్పొద్దు కూడా."

ఈసారి ముడి వదులుగానే పడింది; కూతురు రెండు వేళ్ళు దూర్చి తాడును గడ్డం మీదుగా మెల్లగా జార్చి, టోపీని ఆయన తల మీంచి తీసింది. నారింజ రంగు కోటు పక్కన కొక్కేనికి తగిలించింది. గుమ్మంలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ మెరూన్ టోపీ కదులుతోంది. దాని కింద, ఒకదాని మీద ఒకటిగా, సుగుణ వేసిన రెండు ముళ్ళు.