అవతలికి మడిచిన ఆకు

తిరుమంగళంలో బస్సులు తిరిగే రోడ్డుకు వెనక వీధిలో ఉండే రామక్కాళ్‌కు తెల్లారితే రెండు పనులు. ఒకటి పాలు కాచడం. రెండోది పెరట్లో అరటిచెట్లకు నీళ్ళు పోస్తూ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పలకరించడం. ఆ ఇంట్లో ఎవరైనా కడుపూ మనసూ రెండూ నిండేలా భోంచేస్తే, వాళ్ళు తిన్న ఆకు పెరట్లో పడేసిన చోటే మర్నాటికి వేరు పట్టి మొలుస్తుంది. గోడ కట్టిన మేస్త్రి చెట్టొకటి, ద్రాక్షపళ్ళు అమ్ముతూ వానలో చిక్కుకున్న కంబం ముసలాయన చెట్టొకటి, ఇలా నలభై ఏళ్ళలో ఏడు చెట్లు. బంధువులది ఒక్కటీ లేదు. పక్కవాడి ఆకులోకి చూస్తూ తినేవాళ్ళకు మనసెక్కడ నిండుతుంది అనేది రామక్కాళ్. వీధిలో ఎవరికీ ఇదొక వింత కాదు. పాలాయన "ఏమన్నా మొలిచిందా అక్కా?" అని అడిగి, లేదంటే సరేనని సైకిలెక్కేవాడు.

మేడమీద గదిలో ఏడాదిగా నకాటో అద్దెకుంటోంది. రామక్కాళ్ తమ్ముడు అళగర్‌సామి నడిపే బడిలో లెక్కలు చెప్పడానికి ఉగాండా నుంచి వచ్చింది. పాపం, పడిన అవస్థలు అన్నీ ఇన్నీ కావు. పిల్లలు అర్థమైందని తల అటూ ఇటూ ఊపితే, కాలేదనుకుని ఒకే లెక్క మూడుసార్లు చెప్పి, నెల తిరిగేసరికి పాఠాల్లో అందరికంటే వెనకబడింది. తోటి టీచర్లు మొదటిరోజే పెళ్ళెందుకు కాలేదని నిలదీసి, జుట్టు ఒకసారి పట్టుకు చూడొచ్చా అని అడిగారు.

అన్నిటికీ మించింది భాష సంగతి. రామక్కాళ్ దగ్గర ఆరునెలలు పట్టుదలగా ఊరిభాష నేర్చుకుని, సంచి పట్టుకుని సంతకు పోయి, "వంకాయలు ఎట్ల ఇస్తావమ్మా?" అంది. కూరలావిడ తెరిచిన నోరు మూయలేదు. సంతంతా మాట్లాడేది తమిళం. నకాటో నేర్చుకున్నది మూడు వీధుల్లో, అదీ గడప లోపల మాత్రమే, తరతరాలుగా బతుకుతున్న తెలుగు.

"అయ్యో, నీకు కావాల్సింది అదా?" అంది రామక్కాళ్ సంగతి విని. "నువ్వు నాతో మాట్లాడను నేర్చుకుంటా ఉండావనుకుంటిని."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత నకాటో తమిళం మొదలుపెట్టిందిగానీ తెలుగు మానలేదు.

ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండాలని ఆమె కోరిక. అందుకు వీసా పొడిగించాలి, పొడిగించాలంటే బడి ఇచ్చే ఉత్తరం మీద అళగర్‌సామి సంతకం ఉండాలి. గడువు శుక్రవారం. "పెండ్లి అయిపోనీ టీచరమ్మా, పెడతా" అన్నాడాయన. పెండ్లంటే ఆయన అరవయ్యో పెండ్లి. అరవై నిండినందుకు భార్య మెడలో మళ్ళీ తాళి కట్టే వేడుక. వాళ్ళ నాయన తన అరవయ్యో పెండ్లికి నాలుగురోజుల ముందే కన్నుమూశాడు. ఆ భయంతో అళగర్‌సామి నెలరోజులుగా ముద్ద సరిగ్గా మింగడం లేదు. ఎవరికీ చెప్పలేదుగానీ అక్కకు చెప్పాల్సిన పనేముంది.

సోమవారం రామక్కాళ్ ఇంట్లోనే పందిరి వేశారు. పొద్దున్నే ఆమె నకాటోకు అన్నీ నేర్పింది. ఎడంచెయ్యి ఆకుకు తగలనీయకూడదు, పాయసం వద్దనకూడదు, పంక్తిలో పెద్దవాళ్ళు లేవకముందు లేవకూడదు. నకాటో ఒక్కటీ తప్పలేదు. మెతుకు మిగల్చకుండా తిని, తృప్తిగా నిట్టూర్చి, ఆకు అంచు పట్టుకుని తన వైపు నుంచి అవతలికి చక్కగా మడిచింది.

పంక్తిలో తలలన్నీ ఆమె ఆకు వైపు తిరిగాయి. ఆ ప్రాంతంలో శుభకార్యంలో తిన్న ఆకును తమ వైపుకు మడుస్తారు. అవతలికి మడిచేది చావింటి భోజనంలోనే. అన్నీ చెప్పిన రామక్కాళ్ ఆ ఒక్కటీ చెప్పడం మరిచింది. ఎదురు పంక్తిలో రామక్కాళ్ పినతండ్రి వీరప్ప చేతిలో ముద్ద అలాగే జార్చేశాడు. అసలే భయంతో ఉన్న అళగర్‌సామికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

బంధువులు వెళ్ళాక రామక్కాళ్ తమ్ముడి దగ్గరికి పోయింది.

"తప్పు నాదిరా. నేనే చెప్పలేదు."

"ఏడాదిగా ఈ ఊళ్ళో ఉండాది గదక్కా. చూసి నేర్చుకోకూడదా? రేపు నేను పోతే ఊరంతా ఈ ఆకునే చెప్పుకుంటారు."

"ఆకు మడిస్తే పోతారా ఎవురన్నా?"

"సంతకం పెట్టేది లేదు. సొంతూరికి పోయి సుకంగా ఉండమను."

మేడమీద నకాటో పెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటోంది. సంగతి ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు. రామక్కాళ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. కన్నబిడ్డను సాగనంపుతున్నంత దిగులు వేసింది ఆమెకు.

మంగళవారం తెల్లవారి పెరట్లోకి పోయిన రామక్కాళ్ చెంబు అక్కడే పెట్టేసి తమ్ముడికి కబురంపింది, ఒకటి మొలిచిందని. అళగర్‌సామి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వచ్చాడు.

"నాదా అక్కా?" అన్నాడు ఆశగా.

మూడొందల ఆకులు వాడిపోయి కుప్పగా పడున్నాయి, అన్నీ పద్ధతి ప్రకారం మడిచినవే. వాటి మధ్య మోకాలెత్తు మొక్క ఒకటి నిలబడి ఉంది. దాని మొదలు దగ్గర ఆకు మడత ఇంకా కనిపిస్తోంది. అవతలికి మడిచిన మడత.

అళగర్‌సామి వంగి ఆ మడతను చూశాడు. మాటల చప్పుడుకు నకాటో కిందికి దిగొచ్చింది. ఆయన ఇటు తిరక్కుండానే అడిగాడు.

"ఎందుకు అట్ల మడిస్తివి టీచరమ్మా?"

"మా అమ్మ అట్లే మడుస్తాది సార్. అరటికాయ ఉడికించి ఆకులో చుట్టి పెడతాది, వేడి పోకుండా. నిన్న అంత బాగా తింటిని. ఆ వేడి మీ ఇంట్లోనే ఉండాలని, చెయ్యి దానంతట అదే మడిచేసింది. తప్పని నాకు తెలీదు."

అళగర్‌సామి పై పంచెతో ముఖం తుడుచుకున్నాడు. నెలరోజులుగా ఆయన చావునే తలుచుకుంటూ తిన్నాడు. తన విందులోనే తాను తినలేదని ఇప్పుడు తెలిసొచ్చింది, సిగ్గేసింది.

"ఆకలేస్తా ఉండాది అక్కా" అన్నాడు.

రామక్కాళ్ ఆకు వేసి రాత్రి చద్దన్నం, పెరుగు, ఊరగాయ పెట్టింది. నకాటో మేడెక్కి ఉత్తరం తెచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఆయన రెండుసార్లు మారు అడిగాడు, ఊరగాయ నాకాడు, ఎవరున్నారో మరిచి గట్టిగా తేన్చాడు. చెయ్యి కడుక్కుని ఉత్తరం తీసుకుని, చదవకుండానే సంతకం పెట్టాడు.

తర్వాత ఆకు ముందు మళ్ళీ కూర్చుని అంచు పట్టుకున్నాడు. ఒక్క క్షణం తటపటాయించాడు. ఆపైన దాన్ని మెల్లగా, వేడి పోకుండా, అవతలికి మడిచాడు.

రామక్కాళ్ చూసి, ఆ ఆకును రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి పోయి, తడి బాగా ఉన్న చోటు వెతికి దించింది.